సిలవర

మద్రాసు గూడ్సు పెట్టెలోంచి దిగింది అది
తారాపేట వైపు, తెల్లారగట్ల.
మూడువందల పాతిక రూపాయలకు
ఒక గుర్రం, అందులో ఒక కుంటి కాలు,
నాలుగు మడతల కాగితం.
కాగితాన్ని నాగుల్ మీరా
బీమా పత్రం అనుకున్నాడు.

నేను ఆరో తరగతి.
నాకు ఇంగ్లీషు వచ్చని పేటంతా పుకారు.
జట్కా స్టాండులో ఉలవల బస్తా మీద కూచోబెట్టి
చదవమన్నాడు.
"సిల్వర్ డ్యూ" అన్నాను.
"సిలవరా? గిన్నె పేరు గుర్రానికి పెట్టారేందీ!"
సైదాబీ నవ్వింది.
అంతే, గిండీ మైదానంలో వెండి మంచు
మా వీధిలో సొట్ట గిన్నె అయింది.

కాగితం నిండా పేర్లే.
ఫలానాది బై, ఫలానాది అవుటాఫ్.
బై అంటే ద్వారా, అవుట్ అంటే బయట, అని చెప్పాను.
తండ్రి ద్వారా, తల్లి బయట.
"మా ఇంట్లోనూ అంతేలే" అంది సైదాబీ
వాకిట్లో పొయ్యి ఊదుకుంటూ.

వేలు పైకి జరిపేకొద్దీ
తండ్రి, తాత, ముత్తాత.
పూనాలో గెలిచిందొకటి
ఓడెక్కి వచ్చిందొకటి
ఆ పైన నా నోరు తిరగని ఊళ్ళు.

చాలా ఏళ్ళకి లైబ్రరీలో చదివాను:
పందెం గుర్రాలన్నిటికీ మగవైపు పైకొస మూడే నట,
ఎడారి గాలి పీల్చి సముద్రం దాటిన మూడు.
రాజులు సరదాకి ఉరికించారు.
దొరలు ఆ సరదాకి చట్టం రాశారు,
రౌతు బరువు తూచి
దూరం గొలుసేసి కొలిచి
సెకనుని అయిదు ముక్కలు కోసి.
దండుతో పాటు మన రేవుల్లో దించారు.
గెలిచినవాటి పేర్లన్నీ భద్రం.
పేడ ఎత్తినవాడు, నాడా కొట్టినవాడు,
రాత్రంతా కాలికి కాపడం పెట్టినవాడు
ఏ మడతలోనూ లేరు.

సిలవర వారం రోజులు వరిగడ్డి ముట్టలేదు.
ఎనిమిదో రోజు పిల్లిపెసర మేసింది,
అవమానం దిగమింగినట్టు.
కుడికి తిరగడమే వచ్చు దానికి.
మైదానం నేర్పింది అంతే.
ఎడమకి పోవాలంటే నాగుల్ మీరా
మూడు సందులు కుడికి కుడికి తిప్పి
వన్‌టౌన్ చేర్చేవాడు.
"ఊరు చూపిస్తున్నా, అదనం అడగను" అనేవాడు బేరాలతో.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం
బందరు రోడ్డు మీద ఫైరింజను గంట.

చెవులు నిక్కాయి. కుంటి కాలు మరిచిపోయింది.
బండిలో ప్లీడరు గుమాస్తా, కట్టల కొద్దీ దావా కాగితాలు,
ఒక ఉల్లిపాయల బస్తా.
ఉల్లిపాయలు ముందు దిగిపోయాయి, ఒక్కొక్కటే.
సిటీ బస్సు వెనకబడింది.
సోడాబండి వాడు ఎవరితోనో పందెం కాశాడు, రెండు గోళీసోడాలు.
పగ్గం వదిలేసి నాగుల్ మీరా లేచి నిలబడ్డాడు,
తలపాగా లేదు, భయమూ లేదు,
నేను చూశాను, అరుగు మీంచి.
ఫైరింజను కంటే ఒక మెడ ముందు.

కృష్ణలంక మలుపు దగ్గర
ఒక దీపస్తంభం దాటగానే
దానంతటదే ఆగింది.
ఆగి, తల దించి,
ఎవరో వస్తారని నిలబడింది.
జీను విప్పేవాళ్ళు, నీళ్ళు పోసేవాళ్ళు,
పేరు పిలిచేవాళ్ళు.

గుమాస్తా మాట్లాడలేదు. అద్దె మీద అర్ధరూపాయి పెట్టాడు.
నాగుల్ మీరా పక్కింట్లో సిలవరు గిన్నె అడిగి
మెడ మీంచి నీళ్ళు ధార పోశాడు,
ఇంటికి చుట్టం వస్తే కాళ్ళకి పోసినంత నిదానంగా.

ఆ రాత్రి మళ్ళీ కాగితం తెచ్చాడు.
అడుగున యజమాని పేరుకి ఖాళీ గీత.
రాయమన్నాడు.
రాశాను.
"మా నాయన పేరూ ఎక్కించు. ఖాసిం. దూది ఏకేవాడు."
రాశాను.
"ఆయన నాయన?" అన్నాను.

బీడీ రెండుసార్లు ఆరిపోయింది.
చీకట్లో సిలవర ఉలవలు నములుతున్న చప్పుడు.

"తెలీదురా. దాని తాతనే రాసెయ్.
ఇద్దరికీ ఒకడు చాలు."

రాశాను.
స్పెల్లింగు తప్పు.